హస్తవాసే ప్రచారం!

* పావగడలో బోర్డు కన్నడం.. రోగి మాట తెలుగు
* చుట్టూ ఉచిత ఆస్పత్రులు.. మధ్యలో సొంత క్లినిక్
* కమీషన్లకు లొంగకుండా నిలబడటమే అసలు పరీక్ష

పావగడ: ‘‘యాడ చూపించినారప్పా?’’ పావగడ బస్టాండులో చేతిలో మందుల సంచితో ఎవరు కనబడినా పక్కనున్నవాళ్లు అడిగే మొదటి మాట ఇది. దానికొచ్చే జవాబు రెండు రకాలు. ‘‘ఆ డాక్టరు చెయ్యి మంచిదప్పా, ఒక తూరికే తగ్గిపాయ’’ అన్నది ఒకటి. ‘‘వద్దులేప్పా, పరీక్షలకే దుడ్డంతా అయిపాయ’’ అన్నది రెండోది. మొదటి మాట పడితే మరుసటి వారం ఆ ఊరి నుంచే నలుగురు వస్తారు. రెండోది పడితే ఎంత పెద్ద బోర్డు పెట్టినా బెంచీలు ఖాళీయే. సరిహద్దు తాలూకాలో సొంతంగా క్లినిక్ పెట్టిన డాక్టరు తలరాతను రాసేది ఈ బస్టాండు మాటే.

అయితే హస్తవాసి ఒక్కటే అద్దె కట్టదు. నర్సుకు జీతం ఇవ్వదు. బ్యాంకు వాయిదా తీర్చదు. వైద్యం వచ్చినంత మాత్రాన క్లినిక్ నడపడం రాదు. ఆ విద్యను ఏ వైద్య కళాశాలా విడిగా కూర్చోబెట్టి నేర్పదు. అక్కడే చాలామంది యువ డాక్టర్లు తడబడుతున్నారు. కొందరు మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కుతున్నారు. మరికొందరు ఇక్కడే ఉండి అడ్డదారి పడుతున్నారు. రెండింటిలో ఏది జరిగినా నష్టపోయేది పల్లె రోగే.

మూడు దిక్కులా ఆంధ్ర

పావగడది వింత భూగోళం. తాలూకా తుమకూరు జిల్లాది. మూడు వైపులా ఆంధ్ర. పడమట చిత్రదుర్గ జిల్లాతో మాత్రమే కర్ణాటక నేల కలుస్తుంది. జిల్లా కేంద్రం తుమకూరు సుమారు వంద కిలోమీటర్లు. బెంగళూరు 160 పైచిలుకు. అదే మడకశిర, హిందూపురం, పెనుకొండ, కళ్యాణదుర్గం అయితే చేయి చాచినంత దూరం. కసబా, నిడగల్లు, వై.ఎన్.హొసకోట, నాగలమడిక.. నాలుగు హోబళ్లలోనూ ఇళ్లలో వినబడేది ఎక్కువగా తెలుగే. బడిలో, ఆఫీసులో కన్నడం.

దాంతో ఇక్కడి రోగికి రెండు దారులు. చిన్న జ్వరమొస్తే పావగడ. కొంచెం పెద్దదైతే ‘హిందూపురం పోదామా, తుమకూరు పోదామా’ అన్న మీమాంస. బంధువులు ఎక్కడుంటే అటే మొగ్గు.

ఈ దారుల నిండా పేరున్న ధర్మాసుపత్రులున్నాయి. పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి 1991 నవంబరు 22న మొదలైంది. అక్కడ గుండె ఆపరేషన్ అయినా బిల్లు కౌంటరు ఉండదు. విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్డీటీ సంస్థ బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఆస్పత్రులు కట్టింది. పావగడ పట్టణంలోనే స్వామి జపానంద ఆధ్వర్యంలోని శ్రీరామకృష్ణ సేవాశ్రమం శ్రీశారదాదేవి కంటి ఆస్పత్రిని నడుపుతోంది. ఇక సర్కారు తాలూకా ఆస్పత్రి ఉండనే ఉంది.

ఇన్ని ఉచిత ఆస్పత్రుల మధ్య ఫీజు తీసుకునే డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు? నిజానికి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. అర్ధరాత్రి బిడ్డకు బేదులు పట్టుకుంటే పుట్టపర్తి పోలేరు. ముసలాయనకు నెలనెలా బీపీ చూపించడానికి బత్తలపల్లి బస్సెక్కలేరు. కూలి మానుకుని లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. అంటే క్లినిక్ డాక్టరు అమ్ముతున్నది మందు ఒక్కటే కాదు. దగ్గరితనం, సమయం, రాత్రిపూట తెరుచుకునే తలుపు. ఈ సంగతి తెలిసిన డాక్టరు ధర్మాసుపత్రులతో పోటీకి దిగడు. వాటికి ఎవరిని, ఎప్పుడు పంపాలో తెలుసుకుంటాడు.

లెక్క వేస్తే గుండె గుభేల్

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే. ఎంబీబీఎస్ చదివిన ఒక యువకుడు పావగడలో రెండు గదులు అద్దెకు తీసుకుని క్లినిక్ పెట్టాడనుకుందాం. ఫీజు 150 రూపాయలు. రోజుకు 30 మంది. నెలకు 25 రోజులు. వెరసి రాబడి 1,12,500 రూపాయలు. వినడానికి బాగానే ఉంది.

ఇప్పుడు ఖర్చు. అద్దె 12 వేలు. నర్సుకు, కాంపౌండరుకు కలిపి 24 వేలు. కరెంటు, నీళ్లు, ఫోను 4 వేలు. దూది, సిరంజీలు, అత్యవసర మందులు 8 వేలు. ఆస్పత్రి చెత్త తీసుకెళ్లేవాళ్లకు 2 వేలు. పరికరాల కోసం తెచ్చిన అప్పు వాయిదా 25 వేలు. మొత్తం 75 వేలు. డాక్టరు చేతికి మిగిలేది 37,500.

అసలు తిరకాసు ఇక్కడే. 30 మందిలో ఆరుగురు ‘‘శనక్కాయలు అమ్మినాక ఇస్తాలే సార్’’ అన్నారనుకోండి. రాబడి 90 వేలకు పడిపోతుంది. ఖర్చు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. మిగిలేది 15 వేలు. ఇద్దరు సిబ్బందికి ఇచ్చే జీతం కంటే డాక్టరుకు దక్కేదే తక్కువ! వాన రాని ఏడాది ఆ ఆరుగురు పదిమంది అవుతారు. అప్పుడు డాక్టరు చేతికి ఒక్క రూపాయీ మిగలదు.

సరిగ్గా ఈ సమయానికే కమీషన్ తలుపు తడుతుంది. ‘స్కానింగుకు పంపితే ఇంత, రక్తపరీక్షకు ఇంత, పెద్దాస్పత్రిలో చేర్పిస్తే ఇంత’ అనే బేరం వైద్యరంగంలో అందరికీ తెలిసిన రహస్యం. దీన్ని భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ధర్మ నిబంధనలు సూటిగా నిషేధించాయి. రోగిని పంపినందుకు ఇచ్చినా తప్పే, పుచ్చుకున్నా తప్పే. రోగులను పట్టుకొచ్చేందుకు ఏజెంట్లను పెట్టుకోవడమూ తప్పే. 2017లో ముంబయిలో ఒక గుండె ఆస్పత్రి ‘డాక్టర్లకు కమీషన్లు ఇవ్వం’ అని హోర్డింగులు పెట్టాల్సి వచ్చిందంటే జాడ్యం ఎంత ముదిరిందో అర్థం చేసుకోవచ్చు.

కమీషన్ డబ్బు ఎక్కడి నుంచో ఊడిపడదు. అది రోగి బిల్లులోంచే వస్తుంది. రోగికి చదువు లేకపోవచ్చు, లెక్క మాత్రం తెలుసు. ‘‘పరీక్షలకే దుడ్డంతా అయిపాయ’’ అన్న మాట బస్టాండుకు చేరడానికి ఎన్నో రోజులు పట్టదు. నెలకు పదివేల కమీషన్ తెచ్చిపెట్టిన దారే పది ఊర్ల రోగులను దూరం చేస్తుంది.

రిజిస్టరే అసలు ఆస్తి

మరి గట్టెక్కే మార్గం? జవాబు ఖరీదైన యంత్రాల్లో లేదు. ఒక లావుపాటి రిజిస్టరులో ఉంది.

జ్వరమొచ్చిన రోగి ఒకసారి వస్తాడు, తగ్గితే మళ్లీ కనబడడు. బీపీ, షుగరు, దమ్ము, మూర్ఛ ఉన్నవాళ్లు అలా కాదు. వాళ్లు నెలనెలా రావాలి. 300 మంది పేర్లు, ఫోను నెంబర్లు, మందుల వివరాలు ఒక రిజిస్టరులో ఉంటే, నెలకొకసారి చొప్పున రోజుకు 12 మంది ఖాయం. పైన చెప్పిన 30 మందిలో ఇది ఐదింట రెండు వంతులు. వానొచ్చినా, ఎండొచ్చినా ఈ రాబడి ఆగదు.

రానివాళ్లకు నర్సు ఒక ఫోను చేస్తే చాలు. ‘‘పెద్దాయనా, మాత్రలు అయిపోయి వారమాయ, ఎందుకు రాలేదు?’’ అని అడిగితే ఆ ఇంట్లో అది నాలుగు రోజులు మాట్లాడుకునే సంగతి. దీనికయ్యే ఖర్చు ఫోను రీఛార్జి మాత్రమే. మాత్రలు మానేసిన బీపీ రోగికి పక్షవాతం రాకుండా ఆపినా ఆపవచ్చు. వ్యాపారానికి, వైద్యానికి రెండింటికీ మేలు చేసే పని ఇంతకంటే మరొకటి లేదు.

బాకీలకూ పుస్తకం ఉండాలి. ఇవ్వలేనివాళ్లకు ముందే మాఫీ చెప్పేయడం, ఇవ్వగలిగినవాళ్ల పేరు రాసుకోవడం మంచిది. రెండూ కలిపేస్తే ఇచ్చేవాళ్లూ మానేస్తారు. తాలూకాలో డబ్బు తిరిగే తీరు కూడా మారింది. ఒకప్పుడు శనక్కాయ పంట మీదే అన్ని బాకీలూ తీరేవి. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు పరిధిలో సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక భూములిచ్చిన రైతులకు కౌలు వస్తోంది. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేలుగా నిర్ణయించారు. భూమి లేని కూలీకి మాత్రం ఆ కౌలు లేదు. చేలో పనీ పోయింది. ఒకే ఊరి నుంచి వచ్చిన ఇద్దరి పరిస్థితి ఒకేలా ఉండదన్న ఎరుక ఫీజు అడిగేవాళ్లకు ఉండాలి.

ఆదాయపు పన్ను సంగతీ చూసుకోవాలి. చిన్న ప్రాక్టీసు ఉన్న డాక్టర్లు మొత్తం రాబడిలో సగాన్ని లాభంగా చూపి పన్ను కట్టే వెసులుబాటు 2016-17 నుంచి ఉంది. రోజువారీ రాబడి రాయకపోతే ఆ వెసులుబాటూ అక్కరకు రాదు.

బోర్డు మీద ఏముండాలి?

సబ్బుల కంపెనీలా డాక్టరు ప్రచారం చేసుకోకూడదు. 2002 నాటి నిబంధనలు ఈ విషయంలో చాలా స్పష్టం. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించినా అదే నెలలో పక్కనపెట్టింది. కాబట్టి పాతవే దిక్కు.

- పత్రికలో ప్రకటన ఇవ్వడానికి కొన్ని సందర్భాలే ఉన్నాయి. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, దాని తీరు మారినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొన్నాళ్లు అందుబాటులో లేనప్పుడు, తిరిగొచ్చినప్పుడు, మరొకరి ప్రాక్టీసు చేపట్టినప్పుడు, ఫీజులు వెల్లడించేటప్పుడు.
- బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద సొంత ఫొటో వేసుకోకూడదు. జాతరకు, పండగకు నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టించుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.
- తాను ఉండని, పనిచేయని చోట, మందుల షాపు మీద బోర్డు తగిలించకూడదు.
- ప్రత్యేక అర్హత లేకుండా ‘స్పెషలిస్టు’ అని రాసుకోకూడదు.
- ఫీజు వివరాలు క్లినిక్‌లో కనబడేలా రాయాలి. రిజిస్ట్రేషన్ నెంబరు చీటీ మీద ఉండాలి.
- నర్సింగ్‌హోం ప్రకటన ఇవ్వవచ్చు. పేరు, చేర్చుకునే రోగులు, వసతులు, ఫీజులు వంటి వివరాలకు మించి ఉండకూడదు.

రాష్ట్ర చట్టాలు వేరే. కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం 2007 కింద ప్రతి క్లినిక్ నమోదు కావాలి. 2017లో దీన్ని సవరించేటప్పుడు రాష్ట్రమంతటా ప్రైవేటు డాక్టర్లు సమ్మెకు దిగారు. చివరికి రోగుల హక్కుల పట్టిక, జిల్లా స్థాయిలో ఫిర్యాదుల వ్యవస్థ వచ్చాయి. ప్రాణం మీదికొచ్చిన రోగిని అడ్వాన్సు కోసం ఆపకూడదు. బిల్లు బాకీ ఉందని మృతదేహాన్ని పట్టుకోకూడదు.

2024లో వచ్చిన మరో సవరణ చట్టం ప్రకారం కర్ణాటకలో వాణిజ్య సంస్థలతోపాటు ఆస్పత్రుల బోర్డుల్లోనూ 60 శాతం కన్నడం ఉండాలి. అది చట్టం, పాటించాల్సిందే. గదిలోకి వచ్చిన అవ్వ మాత్రం ‘‘కాళ్లు గుంజుతాండాయి, నడిస్తే దమ్ము వస్తాంది’’ అంటుంది. కాళ్లు గుంజడానికి, తిమ్మిరెక్కడానికి తేడా తెలియని డాక్టరుకు షుగరు జబ్బు తొలి జాడలు దొరకవు. బోర్డు కన్నడంలో, మాట తెలుగులో, మందుచీటీ చదివేలా పెద్ద అక్షరాల్లో.. పావగడ క్లినిక్‌కు ఈ మూడూ కావాలి. తెలుగు రాని డాక్టరయితే వచ్చిన నర్సును పెట్టుకోవాలి. ఆమె జీతం ఖర్చు కాదు, పెట్టుబడి.

‘సూది ఎయ్యవా సామీ?’

డాక్టరుకు రోజూ ఎదురయ్యే సంకటం మరొకటుంది. జలుబుతో వచ్చినవాళ్లు మాత్రలు రాస్తే తృప్తి పడరు. ‘‘ఇంత దూరం వస్తిమి, సూది ఎయ్యవా సామీ?’’ అని అడుగుతారు. వేయకపోతే పక్క వీధికి పోతారు. వేస్తే చదివిన చదువుకు ద్రోహం. ఊర్లలో డిగ్రీ లేకుండా వైద్యం చేసేవాళ్లు ఈ అలవాటు మీదే బతుకుతున్నారు. అవసరం లేని స్టెరాయిడ్ ఈ రోజు హుషారు ఇస్తుంది. పదేపదే వాడితే ఎముకలను, షుగరును దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన ఈ ప్రాంతపు జనానికి నొప్పి సూదుల మీద మోజు ఎక్కువ. ముప్పూ అంతే ఎక్కువ.

దీనికి అడ్డదారి లేదు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి. ‘‘రెండు రోజుల్లో తగ్గకపోతే మళ్లా రా, ఫీజు అడగను’’ అన్న ఒక్క మాట సూది కంటే బాగా పనిచేస్తుంది. మొదటి ఏడాది కొందరు రోగులు జారిపోతారు. మిగిలినవాళ్లు ఇంటిల్లిపాదినీ తీసుకొస్తారు.

తక్కువ ఫీజుతోనూ పేరు తెచ్చుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. మండ్యలో డాక్టర్ శంకరేగౌడ ఐదు రూపాయల డాక్టరుగా కర్ణాటక అంతటా తెలుసు. కడపలో డాక్టర్ నూరీ పర్వీన్ పది రూపాయల ఫీజుతో వార్తలకెక్కారు. అందరూ అలా చేయాలని లేదు, చేయలేరు కూడా. అప్పు వాయిదా ఉన్న డాక్టరు ఐదు రూపాయలకు చూస్తే ఆరు నెలల్లో తలుపులు మూసుకోవాలి. ఫీజు ఎంతైనా ముందే తెలియాలి, అందరికీ ఒకటే ఉండాలి. రోగి కోరుకునేది ఇంతే.

తెలుగు మూలాలున్న డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టారు. డబ్బున్నవాళ్లు కట్టిన ఫీజుతో లేనివాళ్లకు చూపు తెప్పించారు. పల్లెల్లో శిబిరాలు పెట్టి రోగుల దగ్గరికే వెళ్లారు. చిన్న క్లినిక్ కూడా నెలకో ఊర్లో, గుడి అరుగు మీదో, బడి వరండాలోనో కూర్చుని బీపీ, షుగరు చూడవచ్చు. అది ప్రచారం కిందికి రాదు, సేవ. రిజిస్టరులో పేర్లు మాత్రం పెరుగుతాయి.

పంపడమూ వైద్యమే

సరిహద్దు డాక్టరుకు అసలు పరీక్ష తన చేతిలో లేని కేసు వచ్చినప్పుడే. శనక్కాయ చేలో పాము కరిచింది. ఎద నొప్పితో చెమటలు పట్టాయి. కాన్పు కష్టమైంది. అప్పుడు ‘ఇంకో సెలైను పెట్టి చూద్దాం’ అంటే ప్రాణం పోతుంది. ఏ ఆస్పత్రిలో పాము విరుగుడు మందు ఉంది, ఎక్కడ గుండె డాక్టరు ఈ పూట ఉన్నాడు అన్నది ముందే కనుక్కొని గోడ మీద రాసి ఉంచుకోవాలి. ఆంధ్రనా, కర్ణాటకనా అన్నది కాదు, ఏది ముందు చేరతామన్నదే లెక్క. కర్ణాటకలో 2024 ఫిబ్రవరి నుంచి పాముకాటు కేసులను ప్రైవేటు ఆస్పత్రులు సైతం ప్రభుత్వానికి తెలపాలి.

కార్డుల గొడవ కూడా ఇక్కడే. ఆంధ్రలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పావగడవాళ్లు అదే తెలుగు మాట్లాడినా, రేషన్‌కార్డు కర్ణాటకది కావడంతో అది వర్తించదు. వాళ్లకున్నది 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక. ఆయుష్మాన్‌కు రాష్ట్రం దాటినా చెల్లుబాటు ఉంది కానీ, పోయే ఆస్పత్రి జాబితాలో ఉందా, ఆ చికిత్స అందులో ఉందా అని కనుక్కోవాలి. అంబులెన్సు ఎక్కించే ముందు క్లినిక్ నుంచి ఒక్క ఫోను చేస్తే, అవతల లక్ష రూపాయల అప్పు తప్పవచ్చు.

పంపేటప్పుడు చీటీ రాయాలి. ఏ మందు ఇచ్చారు, ఏ గంటకు ఇచ్చారు, బీపీ ఎంత. ఈ నాలుగు వరుసలు లేకపోతే అవతలి డాక్టరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అడిగిన రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. రాసిన చీటీ రోగికే కాదు, డాక్టరుకూ రక్ష.

రోగిని పంపేస్తే రాబడి పోయిందని బాధపడే డాక్టర్లున్నారు. పల్లె లెక్క వేరు. ‘‘ఆయప్ప సమయానికి చెప్పినాడు కాబట్టి మనిషి దక్కె’’ అన్న మాట ఏ హోర్డింగుకూ రాదు. బతికొచ్చిన మనిషి మళ్లీ అదే క్లినిక్ మెట్లెక్కుతాడు, ఈసారి మనవణ్ని వెంటబెట్టుకుని.

పావగడకు పెద్ద ఆస్పత్రులు రావచ్చు, రాకపోవచ్చు. రాత్రి పదకొండు దాటాక జ్వరంతో మండిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని స్కూటరు మీద వచ్చే తండ్రికి కావాల్సింది మాత్రం ఒక్క వెలుగుతున్న లైటు. ఆ లైటు వెలగాలంటే క్లినిక్ నిలబడాలి. నిలబడాలంటే లెక్క తప్పకూడదు, నీతీ తప్పకూడదు. అప్పుడు బస్టాండు దానంతట అదే మాట్లాడుతుంది. ‘‘ఆడికి పోప్పా. ఎంత రాత్రయినా తలుపు తీస్తాడు.’’